నవాబుగారిని తరిమేశాను

నేను గుచ్చిన పుల్ల నీళ్లలో ఉంది.

అంతకుముందు చూసినప్పుడు అది పొడి ఇసుకలో, నీటి అంచుకి జానెడు ఇవతల ఉంది. ఇప్పుడు దాని చుట్టూ చిన్న సుడి తిరుగుతోంది. ఎండ చక్కగా కాస్తోంది. ఒక్క చినుకు లేదు. పొద్దున్న అడుగున గులకరాళ్లు కనపడేంత తేటగా ఉన్న వాగు, పాలు తక్కువైన టీ రంగులోకి మారింది. దాని మీద ఎండుటాకులు గుంపులుగా కొట్టుకొస్తున్నాయి.

నా ముందు ఏడుగురు మనుషులు ఇసుకలో బోర్లా పడుకుని, కెమెరాలు కళ్లకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి ఉన్నారు. వాళ్ల ముందు, కుళ్లిన రొయ్యల మీద, మేమంతా ఎదురుచూస్తున్న సీతాకోకచిలుక వాలి ఉంది.

నేను లంకలో పుట్టినదాన్ని. కొండలు నాకు తెలియవు. సీతాకోకచిలుకల పేర్లూ తెలియవు. నీళ్లు రంగు మారితే ఏమవుతుందో మాత్రం తెలుసు.

అప్పుడు నేను చేసిన పనికి ఒకాయనకి ఇప్పటికీ నా మీద కోపం. ఉండనివ్వండి. మొదటి నుంచి చెబుతాను.

బండారులంక

మా అత్తగారిల్లు బండారులంకలో. మావగారిది మగ్గం. మావారు కువైట్‌లో ఏసీలు బాగుచేస్తారు. నేను బి.ఎస్సీ. చదివి ఇంట్లోనే ట్యూషన్లు చెబుతాను. లాస్యకి తొమ్మిదేళ్లు, బన్నీకి ఐదు. వాళ్లు పుట్టినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. కాలవ గట్టంటే భయం, కరెంటు తీగంటే భయం, కొబ్బరిచెట్టు కింద ఆడుకుంటే భయం. స్కూలు ఆటో కాస్త ఆలస్యమైతే వీధి చివరి దాకా వెళ్లి నిలబడతాను. మా వీధిలో వాళ్లు నవ్వుకుంటారని తెలుసు. అయినా నిలబడతాను.

మా పెరట్లో కరివేపాకు చెట్టుకి పురుగులు పడితే నేను బూడిద చల్లేదాన్ని. ఓసారి లాస్య ఆ పురుగునొకదాన్ని పచ్చడి సీసాలో వేసుకుని, రోజూ ఆకులు పెట్టి పెంచింది. అది గూడు కట్టి, ఓ పొద్దున్న నల్లటి సీతాకోకచిలుకై బయటికొచ్చింది. ఇన్నేళ్లూ బూడిద చల్లింది వీటి మీదేనా అనిపించింది నాకు.

ఆ తర్వాత కొన్నాళ్లకి స్కూల్లో, డిసెంబరులో విశాఖపట్నం టూరు అన్నారు. లాస్య పేరివ్వలేదు. ఎందుకే అంటే, కనుబొమలు ముడివేసి, "ఏమైనా అయితే?" అంది.

ఆ మాట నాది. ఆ కనుబొమలూ నావే. నా భయం నాతోనే ఉంటుందనుకున్నాను. అది పిల్లకి అంటుకుందని ఆ క్షణంలో తెలిసింది. దసరా సెలవుల్లో మారేడుమిల్లి అవతల కొండల్లో సీతాకోకచిలుకలు చూపించే యాత్ర ఉందని ఫోన్లో ఎవరో పంపిన ప్రకటన అప్పటికే చూసి ఉన్నాను. ఆ సాయంత్రమే పేరిచ్చేశాను.

"మన పెరట్లో లేవా సీతాకోకచిలుకలు?" అన్నారు మావారు ఫోన్లో.

"ఉన్నాయండి. అక్కడివి చూడ్డానికెళ్తున్నాను."

"పిల్లల తల్లివి, నీకెందుకొదినా ఇవన్నీ?" అంది మా ఆడపడుచు.

"పిల్లల తల్లిని కాబట్టే" అన్నాను.

అత్తగారు మాత్రం నేను బయల్దేరే ముందు ఎండురొయ్యల పొట్లం తెచ్చి నా సంచిలో కుక్కేరు. "కొండల్లో ఏం పెడతారో ఏంటో. వేయించి పెట్టమని అడుగు."

వ్యాన్‌లో వాసన

రాజమండ్రిలో అందరం కలిశాం. మాకు దారి చూపించే అమ్మాయి పేరు కీర్తన. విశాఖ పిల్ల, జంతుశాస్త్రం చదివింది, ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. కంఠం చిన్నదే కానీ మాటకి ఎదురుండదు. నా పక్క సీట్లో పద్మగారు. రాజమండ్రిలోనే టీచరుగా చేసి రిటైరయ్యేరు. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు వద్దన్నాడట. "వద్దన్నాడు గనక ఇప్పుడే వెళ్లాలి. ఇంకో రెండేళ్లయితే నేనే వద్దనుకుంటాను" అన్నారావిడ. వెనక సీట్లో కాకినాడ ప్రసాదరావుగారు, బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యేరు. చంటిపిల్లాడంత కెమెరా ఒళ్లో పెట్టుకుని, దానికి కుదుపు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

గోకవరం దాటేసరికి ఆయన ముక్కు మూసుకున్నారు. "ఏంటండీ ఈ కంపు? ఎవరో చేపల బుట్టతో ఎక్కినట్టున్నారు."

"నేనేనండి. ఎండురొయ్యలు" అన్నాను. మరో రోజైతే సిగ్గుపడి సంచి కాళ్ల కిందికి తోసేదాన్ని. ఆ రోజు తొయ్యలేదు.

"సీతాకోకచిలుకలు చూడ్డానికొచ్చి రొయ్యలేంటమ్మా!"

కీర్తన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "పడెయ్యకండి అక్కా. నవాబుకి పనికొస్తాయి."

నవాబు అనేది ఒక సీతాకోకచిలుక పేరట. గోధుమ నలుపు రెక్కలు, మధ్యలో లేత ఆకుపచ్చ పట్టీ, వెనక రెండు చిన్న తోకలు. చెట్ల చిటారున తిరుగుతుంది, పువ్వుల జోలికి పోదు. కిందికి దిగిందంటే కుళ్లిన పీతకో, పెంటకో, మురిగిన పండుకో దిగుతుంది. వాటిలో ఉప్పు కోసమట.

"పేరు నవాబు, తిండి ఇదా!" అన్నారు పద్మగారు. వ్యానంతా నవ్వింది. ప్రసాదరావుగారు మాత్రం నా సంచి వైపు కొత్త గౌరవంతో చూశారు. ఆయన నాలుగేళ్లుగా ఆ నవాబు ఫోటో కోసం తిరుగుతున్నారట.

రంపచోడవరం సంతలో

టీ కోసం ఆగినచోట సీతాఫలాలు బుట్టలుగా పోసి అమ్ముతున్నారు. అమలాపురంలో మూడు కాయలకి తీసుకునే డబ్బుకి ఇక్కడ బుట్ట నిండా ఇస్తానంది ఒకామె. నేను అలవాటు కొద్దీ ఇంకా తగ్గించమన్నాను.

"ఇంకా తగ్గిస్తే నాకు ఖాళీ బుట్టే మిగులుద్దమ్మా" అందామె.

సిగ్గేసింది. అడిగినంతా ఇచ్చేశాను. ఆ పళ్లు మూడు రోజులు తిన్నాం. మిగిలిన తొక్కలు కీర్తన పడెయ్యనివ్వలేదు. అవి కూడా సీతాకోకచిలుకలకేనట. మా ఇంట్లో చెత్తబుట్టకి వెళ్లేవన్నీ ఇక్కడ విందు సామాను.

రామాయమ్మ ఇల్లు

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మొదటి మలుపుకే కళ్లు మూసుకున్నాను. మా నేల చదును. ఏటిగట్టు కంటే ఎత్తైనది కొబ్బరిచెట్టొక్కటే. అలాంటి చోట పెరిగినదానికి కిటికీలోంచి చెట్ల తలలు పైనుంచి కనపడడం మామూలు సంగతి కాదు. పద్మగారు నా చెయ్యి పట్టుకుని, "చూడకపోతే ఎందుకొచ్చినట్టమ్మాయ్" అన్నారు. రెండో మలుపుకి ఒక కన్ను తెరిచాను.

మారేడుమిల్లి దాటి, అడవిలో ఇరవై ఇళ్ల ఊరు. కొండరెడ్లు. మేమున్నది రామాయమ్మ అనే ఆవిడ ఇంటి పక్కన వేసిన రెండు పాకల్లో. మధ్యాహ్నం సామల అన్నం, కందిపప్పు, కొండచింతపండు పులుసు. మా ఇంట్లో పులుసంటే కాస్త బెల్లం పడాలి. ఇక్కడ పడదు. మొదటి ముద్దకి కళ్లు గట్టిగా మూసుకున్నాను, రెండో రోజుకి అదే కావాలనిపించింది. రొయ్యల్లో సగం ఆవిడకిచ్చాను. వంకాయతో వండింది. మా అత్తగారు వండినట్టు లేదు, బాగుంది. ఈ మాట అత్తగారు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

రామాయమ్మ చంకలో పిల్లాణ్ణి పక్కింటామె చేతిలో పెట్టి, కత్తి తీసుకుని పైన పొలానికి బయల్దేరుతూ నన్ను అడిగింది. "నీకు పిల్లలా?"

"ఇద్దరు."

"ఎవరి దగ్గరున్నారు?"

"మా అత్తగారి దగ్గర."

"ఆఁ, మంచిదేగా" అని వెళ్లిపోయింది.

అంతే. అమలాపురం బస్టాండులో ఆ పొద్దున్న నన్ను ఇదే ప్రశ్న అడిగిన ముగ్గురూ జవాబు విన్నాక మొహం ఒక రకంగా పెట్టారు. ఇదే జవాబుకి ఇక్కడ మనిషి కత్తి భుజాన వేసుకుని తన పనికి తను పోయింది. ఆ మాట నేను చాలాసేపు నెమరేసుకున్నాను.

పేడ

రెండోరోజు అడవి బాటలో ఎండుటాకు లాంటి సీతాకోకచిలుకని చూశాను. కీర్తన వేలితో చూపించినా ఆకే అనుకున్నాను. అది రెక్కలు విప్పితే లోపల నీలం, నారింజ. బాగా చూద్దామని పొదలోకి జరిగాను. అది దురదగొండి పొద.

తర్వాత సంగతి అడక్కండి. చేతులూ మెడా మండిపోయాయి. నా సంచిలో గాయాలకి కట్టే గుడ్డలు, నాలుగు రకాల మాత్రలు, దోమల మందు, పాముకాటుకి ఏం చెయ్యాలో రాసిన కాగితం ఉన్నాయి. దురదగొండికి ఏమీ లేదు. రామాయమ్మ వచ్చి పచ్చి ఆవుపేడ తెచ్చి మోచేతుల దాకా పట్టించింది.

"కదలకుండా కూర్చోండి సుధగారూ" అన్నారు ప్రసాదరావుగారు కెమెరా సర్దుకుంటూ. "నవాబు మీ మీదే వాలేలా ఉన్నాడు."

నేనూ నవ్వాను. ఇంటి నుంచి బయల్దేరాక పొట్ట పట్టుకుని నవ్వింది అప్పుడే. ఎప్పుడూ ఏదో అవుతుందని భయపడ్డాను. అయింది. పేడతో పోయింది.

వాగు

మూడోరోజు పొద్దున్నే వాగుకి దిగాం. ఒక వంపులో ఇసుక మేట, దాని మీద వందల సీతాకోకచిలుకలు. పసుపువి, తెల్లవి, నీలి చారలవి, గుంపులుగా కూర్చుని తడి ఇసుకలోంచి ఉప్పు పీలుస్తున్నాయి. గాలి తగిలితే అన్నీ ఒకే పక్కకి ఒరుగుతున్నాయి. ఇది చూడ్డానికి ఎంత దూరమైనా రావచ్చు.

"ఈ నీళ్లెక్కడికెళ్తాయి?" అని అడిగాను.

"కిందెక్కడో శబరిలోకండి. శబరి గోదాట్లోకి. అక్కణ్ణించి మీ ఊరికే" అంది కీర్తన.

మా నాన్నది లంక వ్యవసాయం. వర్షాకాలంలో ఏరు తేటగా ఉన్నట్టుండి ఎర్రనీరు తిరిగితే, ఆకాశం ఎలా ఉన్నా సరే, పశువుల్ని గట్టెక్కించేవాడు. పైన ఎక్కడో కురిసిన వాన, మా ఊళ్లో చినుకు పడకుండానే మా ఇంటికొచ్చేది. నీళ్ల పక్కన కూర్చుంటే మా లంకవాళ్లం ముందు అంచున ఒక పుల్ల గుచ్చుతాం. నీరు పెరుగుతోందా తగ్గుతోందా అని కళ్లు ఊరికే చెప్పలేవు. పుల్ల చెబుతుంది. వచ్చిన రోజు నుంచీ ప్రతి వాగు దగ్గరా నేనదే చేశాను.

"సుధగారు జెండా పాతేరండీ! ఈ వాగు కూడా కోనసీమదే ఇక" అనేవారు ప్రసాదరావుగారు ప్రతిసారీ. ఆ రోజూ అన్నారు.

ముందురోజు నుంచి నీళ్లలో నానబెట్టిన నా రొయ్యలు అప్పటికి భరించలేనంతగా మురిగాయి. కీర్తన వాటిని ఇసుక మీద పరిచి, "వాలితే ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. నీడ పడినా లేచిపోతాడు" అంది. అందరూ బోర్లా పడుకున్నారు. పద్మగారు పడుకుంటే లేవలేరు కనుక, వాగు మధ్యలో ఒక చదునైన రాతి మీద, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు. నాకు కెమెరా లేదు. వెనక నిలబడ్డాను.

చాలాసేపటికి నవాబుగారు దిగారు. చెట్టు మీంచి రాయి వేసినట్టు దిగి, రొయ్యల చుట్టూ ఓ చుట్టు తిరిగి, వాలారు. నిజంగానే నవాబు. ఆ ఆకుపచ్చ పట్టీ మీద ఎండ పడి మెరిసింది.

అప్పుడే నేను పుల్ల వైపు చూశాను.

"కీర్తనా, నీళ్లు" అన్నాను మెల్లగా.

ప్రసాదరావుగారి చెయ్యి నా వైపు వెనక్కి ఊగింది, నోరు మూసుకోమన్నట్టు.

తలెత్తి చూశాను. మా మీద ఎండ. ఎగువన కొండ వెనక ఆకాశం సిరా పోసినట్టుంది. ఆ ఒక్క క్షణంలో ఎన్నెన్ని వచ్చాయో మనసులోకి. తప్పయితే? వీళ్లు జన్మలో క్షమించరు. ఇంట్లో తెలిస్తే, అడవికెళ్లినా దాని భయం దానితోనే ఉందంటారు. నిజమే, నాకు అన్నిటికీ భయమే. ఇది కూడా ఆ పాత భయమేనా? పుల్ల వైపు మళ్లీ చూశాను. ఈసారి పుల్ల లేదు.

ఇసుక మేట మీదుగా, రొయ్యలు తొక్కుకుంటూ, అరుస్తూ పరిగెత్తాను. "లెగండి! నీళ్లొస్తున్నాయి! లెగండి!"

వందల రెక్కలు ఒక్కసారి పైకి లేచాయి. నవాబు ఎటు పోయాడో చూడలేదు.

"ఏంటమ్మా ఇది!" ప్రసాదరావుగారు మోకాళ్ల మీదికి లేచి కేకేశారు. "మీకు భయమైతే మీరు పోవాలి గాని!"

కీర్తన కూడా కోపంగానే లేచింది. కానీ నా మొహం చూశాక నీళ్ల వైపు చూసింది. ఒక్కసారే. "అందరూ పైకి! సామాను వదిలెయ్యండి!"

నేనూ తనూ వాగులోకి దిగి పద్మగారి చెరో రెక్కా పట్టుకున్నాం. "నా చెప్పులే, కొత్తవే" అంటున్నారావిడ.

"పోనివ్వండి పద్మగారూ!"

గట్టెక్కుతుండగా చప్పుడు వినపడింది, బరువు లారీ ఏదో ఎత్తు ఎక్కుతున్నట్టు. అప్పుడొచ్చింది నీరు. గోడలాగా ఏమీ రాలేదు. ఎర్రగా, కొమ్మలూ నురగా మోసుకుని, వంపు తిరిగి, పరుచుకుంటూ వచ్చింది. పద్మగారు కూర్చున్న రాయి మాయమైంది. ప్రసాదరావుగారు కెమెరా స్టాండు కోసం వెనక్కి వెళ్లారు. మోకాళ్ల దాకా మునిగి, ఒక కాలు జారి, చెట్టు వేరు పట్టుకుని వేలాడుతున్నారు. నా చున్నీ విసిరాను. నలుగురం పట్టి లాగాం. స్టాండు పోయింది, ఒక బూటు పోయింది. కెమెరా మాత్రం మెడలోనే ఉంది.

గట్టు మీద ఊపిరి తిరిగాక ఆయన అన్న మొదటి మాట, "మోకాలి లోతే కదండీ."

"మోకాలి లోతులో మా గేదె కొట్టుకుపోయిందండి" అన్నాను.

"నాలుగేళ్లండీ! ఒక్క నిమిషం ఆగుంటే ఫోటో వచ్చేది!"

"ఆగనండి. మళ్లీ వాలినా, మళ్లీ ఇలాగే అరుస్తాను."

అని, తడిసిన చున్నీ పిండుకున్నాను.

తర్వాతి రోజుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నవాబు మళ్లీ దిగలేదు. కీర్తన, "నీళ్లు చూడాల్సింది నేనక్కా" అని, వాగు దగ్గర కూర్చునే ముందు అందరిచేతా పుల్లలు గుచ్చించింది. ప్రసాదరావుగారొక్కరే గుచ్చలేదు. కానీ నా పుల్ల ఎక్కడుందో చూసుకునేదాకా కూర్చోలేదు.

సిగ్నలు దొరికే మలుపు

ఆ సాయంత్రం పద్మగారు నన్ను పక్కకి పిలిచారు. "ఇంట్లో చెప్పకు సుధమ్మా. చెప్పేవంటే మళ్లీ గుమ్మం దాటనివ్వరు. నేను మా అబ్బాయికి చెప్పను. చెప్పులు కోతి ఎత్తుకుపోయిందంటాను."

ఆవిడన్నది నిజమే. చెబితే మావారికి, ఆడపడుచుకి ఏళ్ల తరబడి సరిపోయే మాట దొరుకుతుంది. లాస్య అయితే, ఏమైనా అయితే అన్నానా, అయిందిగా అంటుంది. ఇక అది ఎక్కడికీ కదలదు. దాచితే? అమ్మ వెళ్లింది, ఏమీ కాలేదు, వచ్చింది. అలాంటి అబద్ధం చేతిలో పెట్టి పిల్లని బస్సెక్కించనా?

మర్నాడు పొద్దున్నే రోడ్డు మలుపు దగ్గరికి నడిచాను. ఊరికంతటికీ సిగ్నలు దొరికేది అక్కడే. ఫోను అత్తగారు ఎత్తారు. అంతా చెప్పాను, వాగు, పుల్ల, నీళ్లు. ఆవిడ ఒక్కటే అడిగారు.

"వచ్చెయ్యమంటే వస్తావా?"

"రానండి."

"మరి అడగడమెందుకు. ఇదిగో, పిల్లలు."

స్పీకర్లో ఇద్దరూ ఒకేసారి అరిచారు. బన్నీకి ఎన్ని సీతాకోకచిలుకలు పట్టానో కావాలి. పట్టకూడదురా, చూడాలంతే అన్నాను. వాడికి నచ్చలేదు, వెళ్లిపోయాడు. లాస్య ఉంది. అత్తగారికి చెప్పింది పక్కనుంచి వింది.

"భయమేసిందా అమ్మా?"

"చాలా వేసిందే. అందుకే అంత గట్టిగా అరిచాను."

"అందరూ తిట్టేరా?"

"ఒకాయన తిట్టేరు. ఇవాళ కూడా మాట్లాడ్డం లేదు."

"మరి ఇంటికొచ్చేస్తావా?"

"రాను. ఇవాళ మళ్లీ ఆ వాగుకే వెళ్తున్నాం. గట్టు మీద కూర్చుంటాం." అది అవతల కనుబొమలు ముడివేసి ఉంటుందని తెలుసు. "లాస్యా, విను. సెలవులవగానే స్కూలు టూరుకి నీ పేరిచ్చెయ్. బస్సులో కిటికీ పక్కన కూర్చో. సముద్రం దగ్గరికెళ్తే, ఇసుకలో ముందు ఒక పుల్ల గుచ్చుకో. గుచ్చి, ఆడుకో. మధ్యమధ్యలో దాని వైపు చూస్తూ ఉండు. అది నీళ్లలోకి వెళ్లిపోతే గట్టిగా అరిచి, అందర్నీ లేపి, పైకి పరిగెత్తు. టీచరుగారు తిడితే తిట్టనీ. నేనొచ్చి మాట్లాడతాను."